కాలువ ఊళ్లకు... వేళ చూసి వెళ్దాం

* బకింగ్‌హాం కాలువ వెంట రెండు రోజుల యాత్ర
* గుంపు తగలకుండా పులికాట్, సూళ్లూరుపేట, దుగరాజపట్నం
* రెండు రాష్ట్రాల సెలవులు తెలిస్తే సగం పని అయినట్టే

చెన్నై: ఆదివారం పొద్దున పది దాటిందంటే పళవేర్కాడు వీధుల్లో అడుగు తీసి అడుగు వేయడం కష్టం. చెన్నై నుంచి వచ్చిన కార్లు, వ్యాన్లు, మోటారు సైకిళ్లు వంతెన దాకా బారులు తీరతాయి. రొయ్యల బేరం దగ్గర తోపులాట. ఒడ్డున ప్లాస్టిక్ గ్లాసులు. పిల్లాడు ‘పక్షులేవి నాయనా?’ అని అడిగితే చూపించడానికి ఒక్కటీ కనిపించదు. ఆ గోలకు అవి ఎప్పుడో దూరంగా వెళ్లిపోయి ఉంటాయి.

అదే ఊరు బుధవారం పొద్దున ఏడింటికి వేరుగా ఉంటుంది. వలలు విప్పుకునే వాళ్లు, బుట్టలతో వచ్చే ఆడవాళ్లు, నీళ్ల మీద సన్నటి మంచు. డచ్చివారి సమాధుల దగ్గర మనిషి అలికిడి ఉండదు. ఊరు ఒకటే, సరస్సు ఒకటే. మారింది రోజు, గంట. అంతే.

చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఒకటి రెండు రోజుల యాత్ర అనగానే తిరుపతి, మహాబలిపురం గుర్తుకొస్తాయి. రెండు చోట్లా కిటకిటే. మూడో దారి ఒకటి ఉంది. అది చాలామంది ఇళ్లకు పక్కనే మురికినీళ్లతో పారుతోంది. దాన్ని పట్టుకుని ఉత్తరంగా వెళ్తే నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఉన్న ఊళ్లు వరసగా తగులుతాయి. అదే బకింగ్‌హాం కాలువ.

వాకిట్లో ఉన్న పాత రహదారి

చెన్నైవాసులకు బకింగ్‌హాం కాలువ అంటే ముక్కు మూసుకుని దాటే వంతెన. నగరంలో ఎంఆర్‌టీఎస్ రైలు స్తంభాలు చాలా దూరం ఈ కాలువలోనే దిగి ఉన్నాయి. ఒకప్పుడు ఇదే మద్రాసుకు అన్నం పెట్టిన దారి అంటే ఈ తరం పిల్లలు నమ్మరు.

1806 నాటికి బేసిల్ కాక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు దాకా ఉప్పునీటి కాలువ తవ్వించాడు. చాలాకాలం దాన్ని ‘కాక్రేన్ కాలువ’ అనే పిలిచారు. 1837లో ప్రభుత్వం చేతికి వచ్చింది. తరువాత అంచెలంచెలుగా ఉత్తరానికి సాగింది. పులికాట్ సరస్సు దాటి, దుగరాజపట్నం, కృష్ణపట్నం మీదుగా పెదగంజాం చేరింది. అక్కడ కృష్ణా డెల్టాలోని కొమ్మమూరు కాలువతో కలిసింది. అంటే మద్రాసులో పడవ ఎక్కినవాడు కాలువల మీదే కాకినాడ దాకా వెళ్లిపోవచ్చన్నమాట. దక్షిణాన మరక్కాణం వైపు కలుపుకొంటే మొత్తం పొడవు దాదాపు 420 కిలోమీటర్లు. అందులో 250 కిలోమీటర్లకు పైగా ఆంధ్రలోనే ఉంది.

నగరం నడుమ కూవం, అడయారు నదులను కలిపిన ముక్క మాత్రం ఆకలి తవ్వించినది. 1876-78 నాటి ధాత కరువులో పని కోసం వచ్చిన జనం చేత కరువు పనుల కింద దాన్ని తవ్వించారు. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు. ఆయన పేరే కాలువ మొత్తానికి స్థిరపడింది.

సరుగుడు కట్టెలు, ఉప్పు, బియ్యం, సున్నానికి పనికొచ్చే గుల్లలు... అన్నీ ఈ దారినే మద్రాసుకు వచ్చేవి. గాలి ఉంటే తెరచాప. లేకుంటే గడ వేసి తోయడం. అదీ కుదరకుంటే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం. ఇది సముద్రం ఆటుపోట్లతో నడిచే కాలువ. నదులు అడ్డం వచ్చిన చోట లాకులు కట్టారు. నీళ్లు ఎక్కే వేళ చూసుకుని పడవ కదిలించాలి. తొందరపడితే అడుగు బురదలో కూరుకుపోయేది. ‘వేళ’ అన్న మాటకు కాలువ మీద ఉన్న విలువ బజారులో డబ్బుకు కూడా లేదు.

నగరంలో ఆ రోజుల గుర్తులు పేర్లలో మిగిలాయి. సెంట్రల్ స్టేషను దగ్గర సాల్ట్ కోటార్స్ గూడ్సు యార్డు పేరు ఉప్పు కొఠార్ల నుంచి వచ్చింది. రోజూ వేలమంది దాటే బేసిన్ బ్రిడ్జి పేరు పడవల రేవును గుర్తుచేస్తుంది. 1899లో మద్రాసు-బెజవాడ రైలు మార్గం పూర్తయ్యాక కాలువ పని తగ్గుతూ వచ్చింది. 1965, 66 తుపాన్లు, ఆ తరువాత 1976 నాటి తుపాను గట్లను దెబ్బతీశాయి. పడవలు ఆగాయి. 2008లో కాకినాడ-పుదుచ్చేరి కాలువలను నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. కానీ ఈ ముక్కలో మాత్రం మళ్లీ పాత పడవల కళ కనబడలేదు.

అలాగని కాలువ పనికిరాకుండా పోలేదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు చాలాచోట్ల ఈ కాలువే అలల నీటిని తనలోకి తీసుకుని ఊళ్లలోకి వెళ్లే ఉద్ధృతిని తగ్గించింది.

సెలవే అసలు చిక్కు

కాలువ ఊళ్లకు జనం ఏడాది పొడవునా రారు. వస్తే ఒక్కసారే వస్తారు. అదే ఇబ్బంది. వెనిస్ నగరం ఈ బాధ పడలేక 2024 ఏప్రిల్ నుంచి కొన్ని రద్దీ రోజుల్లో ఒక్కపూట సందర్శకుల దగ్గర అయిదు యూరోల రుసుము వసూలు మొదలుపెట్టింది. మన కాలువ ఊళ్లకు టికెట్టూ లేదు, గేటూ లేదు. ఎప్పుడు వెళ్లాలన్నది వెళ్లేవాడి విచక్షణకే వదిలేశారు.

ఇక్కడ గుంపు అంటే చికాకు ఒక్కటే కాదు. 2011 డిసెంబరు 25, క్రిస్మస్ ఆదివారం. పులికాట్‌లో విహారానికి వచ్చిన బంధుమిత్రుల పడవ మునిగి 22 మంది చనిపోయారు. వారిలో పిల్లలు, ఆడవాళ్లు ఉన్నారు. ఆ తరువాత పర్యటకుల పడవ షికార్లను అధికారులు నిషేధించారు. సెలవు రోజున జనం ఒత్తిడి పెరిగితే పడవలో ఇంకో నలుగురు ఎక్కడం, లైఫ్ జాకెట్ మాట ఎవరూ ఎత్తకపోవడం మామూలైపోతుంది. రద్దీ రోజును తప్పించుకోవడం సుఖం కోసమే కాదు, క్షేమం కోసం కూడా.

ఏ రోజులు వద్దు? ఆదివారాలు, రెండో శనివారాలు సరే. పొంగల్ అయిన రెండో రోజు వచ్చే కాణుం పొంగల్ నాడు ఉత్తర చెన్నై జనమంతా నీటి ఒడ్డుకే చేరుతుంది. ఆ రోజు పళవేర్కాడు పేరే తలవొద్దు. ఆంధ్ర వైపు సూళ్లూరుపేట, నేలపట్టుల్లో ఫ్లెమింగో పండుగ జరిపే రోజులు. 2025లో జనవరి 18 నుంచి 20 వరకు జరిపారు. ఏటా తేదీలు మారతాయి కాబట్టి ముందే పేపరులో చూసుకోవాలి. సంబరం చూడాలంటే అప్పుడే వెళ్లాలి. పక్షులను చూడాలంటే మాత్రం అవి అయిపోయాక వెళ్లాలి. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉన్న రోజు మరొకటి. 2019లో సందర్శకుల గ్యాలరీ తెరిచాక ప్రయోగం చూడ్డానికి వచ్చేవాళ్లు పెరిగారు. ఆ ముందు రోజు రాత్రి సూళ్లూరుపేటలో లాడ్జి గది దొరకడం కష్టం.

మరి ఏ రోజులు మంచివి? సరిహద్దు తెలుగువారికి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. మన ఇళ్లలో రెండు రాష్ట్రాల క్యాలెండర్లు వేలాడుతుంటాయి. తైపూసం నాడు తమిళనాడులో 2021 నుంచి ప్రభుత్వ సెలవు. ఆంధ్రలో ఆ రోజు బడులు, కచేరీలు మామూలే. తమిళ జనం కూడా ఎక్కువగా మురుగన్ గుళ్ల దారి పడతారు. పండుగ జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో వస్తుంది. సరిగ్గా పక్షులు నిండుగా ఉండే కాలం. చెన్నైలో ఉన్నవారు ఆ రోజున సూళ్లూరుపేట వైపు వెళ్తే సెలవు పెట్టకుండానే పని రోజు ప్రశాంతత దొరుకుతుంది.

తిరగేస్తే మహాశివరాత్రి. ఆంధ్రలో సెలవు, తమిళనాడులో కాదు. తడ, సూళ్లూరుపేట, నాయుడుపేటల నుంచి పళవేర్కాడు చూడాలనుకునేవారికి ఆ రోజు అనుకూలం. ఉపవాసం ఉన్న అమ్మమ్మలను మాత్రం ఎండలో తిప్పకండి.

ఇక మామూలు లెక్క చెప్పాలంటే సంక్రాంతి సందడి ముగిశాక, పరీక్షలు మొదలయ్యేలోపు వచ్చే మంగళ, బుధ, గురువారాలు. పక్షులు అక్టోబరు నుంచి మార్చి దాకా ఉన్నా నవంబరు, డిసెంబరు తొలి వారాలు తుపాన్ల రోజులు. ఏప్రిల్ దాటితే సరస్సు ఉత్తర భాగం చాలావరకు ఎండి నెర్రెలు విచ్చుతుంది. అప్పుడు జనం ఉండరు నిజమే, చూడ్డానికి నీళ్లూ ఉండవు.

మొదటి రోజు: ప్రళయకావేరి ఒడ్డున

సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ కాంప్లెక్సు నుంచి గుమ్మిడిపూండి లోకల్ రైళ్లు వెళ్తాయి. కొన్ని సూళ్లూరుపేట దాకా ఉన్నాయి. తెల్లవారుజామున వెళ్లేవి ఎంచుకుంటే మంచిది. కాస్త ఆలస్యమైతే గుమ్మిడిపూండి సిప్‌కాట్, శ్రీసిటీ షిఫ్టులకు వెళ్లేవారితో పెట్టెలు నిండుతాయి. బేసిన్ బ్రిడ్జి దాటేటప్పుడు పిల్లలను కిటికీ దగ్గర కూర్చోబెట్టి కాలువ చూపించండి. యాత్ర అక్కడే మొదలైంది.

పొన్నేరిలో దిగి బస్సు పట్టుకుంటే పళవేర్కాడు ఇరవై కిలోమీటర్ల లోపే. తమిళులకు పళవేర్కాడు. ఇంగ్లీషు వాళ్లకు పులికాట్. పాత తెలుగువారి నోట ప్రళయకావేరి. స.వెం.రమేశ్ రాసిన ‘ప్రళయకావేరి కథలు’ ఈ సరస్సు చుట్టూ ఉన్న తెలుగు పల్లెల మాటను, బతుకును పుస్తకంలోకి ఎక్కించాయి. ఈ యాత్రకు బయలుదేరే ముందు చదవదగ్గ పుస్తకం అది.

ఒడిశాలోని చిలక తరువాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం ఆంధ్రలో, దక్షిణపు కొస తమిళనాడులో ఉంది. లోతు తక్కువ. సముద్రంతో కలిసే ముఖద్వారం ఇసుక మేట వేసి మూసుకుపోతుంటే జాలర్ల పొట్ట మీద దెబ్బ పడుతోంది. ముఖద్వారం తెరిపించాలన్న డిమాండు రెండు రాష్ట్రాల పల్లెల్లోనూ ఎప్పటినుంచో ఉన్నదే.

డచ్చివారు 1610లో చంద్రగిరి రాజు వేంకటపతి రాయల అనుమతితో ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. రెండేళ్లకే పోర్చుగీసులు దాన్ని దెబ్బతీశారు. దాంతో 1613లో గెల్డ్రియా కోట లేచింది. 1690లో నాగపట్నం మారే దాకా కోరమండల్ తీరంలో డచ్చివారికి ఇదే రాజధాని. ఇక్కడి నుంచి బట్టలు ఓడల మీద తూర్పు దీవులకు వెళ్లేవి. మలయా వాళ్లు నేటికీ గళ్ల లుంగీని ‘పెలికాట్’ అంటారు. ఆ మాట మన పులికాటే. బట్టలతో పాటు మనుషులనూ బానిసలుగా ఓడలెక్కించిన రేవు ఇది. సమాధుల శిల్పం చూసి మెచ్చుకునేటప్పుడు ఆ సంగతి కూడా పిల్లలకు చెప్పాలి.

కోట పోయింది. కందకం, ముళ్లపొదల మధ్య మట్టి దిబ్బ మిగిలాయి. డచ్చి శ్మశానం మాత్రం పురావస్తు శాఖ రక్షణలో బాగానే ఉంది. ప్రవేశ ద్వారం దగ్గర అస్థిపంజరాల చెక్కడాలు చూసి పిల్లలు మొదట జడుస్తారు, తరువాత కదలరు. గేటు మూసి ఉంటే గోడ దూకకండి. చుట్టుపక్కల అడిగితే కాపలాదారు జాడ చెబుతారు.

అక్కడి నుంచి నడకే. ఎర్రటి చిట్టపురాళ్లతో కట్టిన ఆదినారాయణ పెరుమాళ్ ఆలయంలో రామాయణ ఘట్టాలు చిన్న చిన్న బొమ్మలుగా చెక్కారు. చిన్న మసీదులో నీడతో వేళ చెప్పే గడియారం ఉంది. నమాజు వేళలు తప్పకుండా ఉండటానికి పెట్టుకున్నది. చెప్పులు విడిచి, అడిగి లోపలికి వెళ్లండి. ఎండ ఉన్న ఏ పూటైనా చూడొచ్చు. చేతి గడియారంతో సరిచూసుకోవడం పిల్లలకు సరదా.

పదకొండు గంటలకల్లా చూడాల్సినవి అయిపోతాయి. భోజనం ముగించుకుని పొన్నేరికి వచ్చి సూళ్లూరుపేట బండి ఎక్కొచ్చు. సాయంత్రం ఇల్లు చేరాలనుకునేవారికి ఇది ఒక్కపూట యాత్ర.

రెండో రోజు: నీళ్ల మధ్య తారు రోడ్డు

చెన్నై నుంచి రైలు మార్గంలో 83 కిలోమీటర్ల దూరంలో సూళ్లూరుపేట. పాత నెల్లూరు జిల్లా ఊరు, 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరింది. కాళంగి నది ఒడ్డున చెంగాళమ్మ గుడి ఉంది. రాత్రీ పగలూ తలుపులు మూయని గుడిగా పేరు. రాకెట్ ప్రయోగాలకు ముందు ఇస్రో పెద్దలు కూడా వచ్చి దండం పెట్టుకుని వెళ్తారు. రాత్రి బస ఇక్కడ చేసుకుంటే తెల్లారి పక్షుల వేళ చేతికందుతుంది.

సూర్యోదయానికి ముందే ఆటో మాట్లాడుకుని శ్రీహరికోట రోడ్డు పట్టాలి. సరస్సును చీల్చుకుంటూ వెళ్లే ఈ రోడ్డుకు అటూ ఇటూ నీళ్లే. సీజనులో ఫ్లెమింగోలు గులాబీ రంగు గీతలా బారులు తీరి నిలబడతాయి. మధ్యలో అటకానితిప్ప దగ్గర కాసేపు ఆగొచ్చు. అక్కడ పర్యావరణ విజ్ఞాన కేంద్రం ఉంది. షార్ గేటు దాటి లోపలికి మాత్రం అనుమతి లేనిదే పోనివ్వరు. రోడ్డు మీద బండి ఓరగా ఆపండి, హారన్ కొట్టకండి. ఒక్క పక్షి లేస్తే మందంతా లేస్తుంది. లేచిన మంద అరగంట దాకా దిగదు. వాటికి మేత నష్టం, మీకు చూపు నష్టం.

ఆ దీవికీ మద్రాసుకీ పాత బంధం ఉంది. ఒకప్పుడు నగరం పొయ్యిలు మండింది శ్రీహరికోట కట్టెలతోనే. యానాదులు అడవిలో కొట్టి చేర్చిన వంటచెరకు పడవల మీద కాలువ దారినే వెళ్లేది. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు. 1971 అక్టోబరులో తొలి రోహిణి రాకెట్ లేచింది. యానాది కుటుంబాలు దీవి వదిలి రావాల్సి వచ్చింది.

అక్కడి నుంచి వెనక్కి వచ్చి దొరవారిసత్రం వైపు వెళ్తే నేలపట్టు. 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. చెరువు నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. ఈ ఊరి రైతులు పక్షులను చుట్టాల్లా చూసుకుంటారు. రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువు మరి. పక్షులు రాని ఏడు కరువు ఏడని నమ్మకం. తొమ్మిది లోపు చూసేస్తే గూళ్ల దగ్గర సందడి కళ్లారా చూడొచ్చు. ఎండ ముదిరాక అవి కునికిపాట్లు పడతాయి, మనమూ అంతే.

మద్రాసు కన్నా ముందు పుట్టిన ఊరు

సొంత బండి ఉన్నవారికి ఇంకొక్క ఊరు. గూడూరు నుంచి కోట, వాకాడు మీదుగా వెళ్తే దుగరాజపట్నం. చూడ్డానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. సముద్రం, ఇసుక, సరుగుడు తోటలు, కాలువ. కానీ చెన్నై తెలుగువారు ఒక్కసారైనా కాలు పెట్టాల్సిన నేల అది.

మచిలీపట్నంలో ఇబ్బందులు పడిన ఇంగ్లీషు వర్తకులు 1626లో ఇక్కడ స్థావరం పెట్టుకున్నారు. వాళ్ల కాగితాల్లో దీని పేరు ఆర్మగాన్. అక్కడ సాయం చేసిన ఆరుముగ మొదలియారు పేరే అలా మారిందంటారు. ఈ దేశంలో ఇంగ్లీషు వాళ్లు తుపాకులు పెట్టుకున్న తొలి కోటల్లో ఇదొకటి. ఇక్కడ పెద్దగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే మంచి బట్ట, మంచి చోటు వెతుక్కుంటూ దక్షిణానికి దిగాడు. 1639 ఆగస్టులో దామర్ల వేంకటపతి నాయకుడి దగ్గర మద్రాసపట్నం నేల మీద హక్కు సంపాదించాడు. నాయకుడి తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. బేరం కుదిర్చిన దుబాసీ బేరి తిమ్మన్న. ఇచ్చినవాడు తెలుగువాడు, మాట కలిపినవాడు తెలుగువాడు, కొన్నవాడు బయలుదేరింది తెలుగు ఊరు నుంచి.

మద్రాసు పెరిగి మహానగరమైంది. దుగరాజపట్నం పల్లెగానే మిగిలింది. 2014 రాష్ట్ర విభజన చట్టంలో ఇక్కడ పెద్ద ఓడరేవు కడతామని రాశారు. తొలి దశకు 2018 చివరి గడువు పెట్టారు. గడువు గడిచింది, రేవు రాలేదు. పులికాట్ పక్షులు, పక్కనే ఉన్న రాకెట్ కేంద్రం అడ్డంకులుగా నిలిచాయి. ఏ సెలవు రోజున వెళ్లినా గుంపు లేని ఊరు కావాలంటే ఈ దారిలో ఇదొక్కటే.

పాడు చెప్పే పాఠం

పులికాట్ జాలర్లకు ‘పాడు’ అనే కట్టుబాటు ఉంది. సరస్సులో మంచి చేప పడే చోట్లు కొన్నే. వేటకు వెళ్లేవాళ్లు చాలామంది. అందరూ ఒకేసారి వల వేస్తే ఎవరికీ దక్కదు. అందుకని పెద్దలు కూర్చుని చీట్లు వేసి, ఏ రోజు ఏ చోట ఎవరు వల వేయాలో వంతులు పంచుతారు. తన వంతు రాని రోజు ఎంత చేప కనబడినా అక్కడ వల దించకూడదు. తప్పితే ఊరి కట్టు దాటినట్టే.

ఈ నీళ్ల మీద తరాలుగా బతుకుతున్నవాళ్లు రద్దీకి కనిపెట్టిన మందు అది. సరస్సు అందరిదీ, కానీ అందరిదీ ఒకే రోజు కాదు. చెన్నై నుంచి వెళ్లేవాళ్లకు చీటీ తీసి వంతు చెప్పే పెద్దలు లేరు. ఇంట్లో వేలాడే రెండు క్యాలెండర్లు ముందు పెట్టుకుని ఎవరి వంతు వాళ్లే తీసుకోవాలి. ‘ఆదివారమేగా ఖాళీ, పోదాం పదండి’ అనే ముందు తైపూసం ఎప్పుడో, శివరాత్రి ఎప్పుడో, రాకెట్ ఎప్పుడో ఒక్కసారి చూసుకుంటే చాలు. సంవత్సరంలో ఒక్క పని రోజు సెలవు పెట్టినా నష్టం లేదు.

తాతలు పోటు వేళ చూసి పడవ ఎక్కిన దారి ఇది. మనవలు రైలు వేళ చూసి వెళ్తే సరిపోతుంది.

బయలుదేరే ముందు...

* పడవ: అధికారిక అనుమతి ఉందని, ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉందని కళ్లారా చూశాకే ఎక్కాలి. రెండింటిలో ఏది లేకున్నా ఒడ్డునే ఉండటం మేలు. బేరం తక్కువని గుంపులో ఇరుక్కోవద్దు.

* నీళ్లు: ముఖద్వారం దగ్గర పైకి నెమ్మదిగా కనిపించినా అడుగున లాగుడు ఉంటుంది. పిల్లలను స్నానాలకు దింపవద్దు.

* బట్టలు: పక్షుల దగ్గరకు ముదురు ఆకుపచ్చ, మట్టి రంగు దుస్తులు మంచివి. ఎరుపు, తెలుపు వద్దు. దుర్భిణి ఉంటే మరీ మంచిది.

* తిండి: పొద్దున్నే వెళ్తే పల్లెల్లో హోటళ్లు తెరిచి ఉండకపోవచ్చు. ఇడ్లీ పొట్లం, నీళ్ల సీసా ఇంటి నుంచే. ఖాళీ సీసా తిరిగి ఇంటికే.

* బస: సూళ్లూరుపేటలో గది ఖాయం చేసుకునే ముందు శ్రీహరికోటలో ప్రయోగం తేదీ చూసుకోవాలి.

* దక్షిణం వైపు వెళ్లేవారికి: మహాబలిపురంలో రద్దీ ఎక్కువగా ఉంటే మరికాస్త దిగి కల్పాక్కం పక్కన సద్రాస్ చూడొచ్చు. ఇదీ బకింగ్‌హాం కాలువ ఊరే. డచ్చివారి కోట, సమాధులు ఉన్నాయి.